పలమనేరు చలిలో బెలూన్ గోబర్ గ్యాస్

పలమనేరు దగ్గర పల్లె మాది. నాలుగు జెర్సీ ఆవులున్నాయి. ఇటుకల డోము కట్టే మేస్త్రీ దొరక్క, చిత్తూరులో ఒక డీలరు దగ్గర రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే బెలూన్ ప్లాంటు తీసుకున్నాం. మందపాటి సంచి, పైపులు, స్టవ్వు వాళ్లిస్తారు. గుంత మనమే తవ్వుకోవాలి. రాయి, వేరుముక్క లేకుండా ఏరేసి, ఇసుక పరిచాకే సంచి దించండి.

రోజుకు 50 కిలోల పేడ, దానికి సమానంగా నీళ్లు. గడ్డిపోచలు తీసేసి, ఉండల్లేకుండా చేత్తో పిసికి పోస్తాను. మొదట్లో వచ్చే గ్యాస్ అంటుకోదు, దాంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఆ తర్వాత మంట నీలంగా, నిలకడగా వస్తుంది. సంగటి కెలకడానికి ఏ ఇబ్బందీ లేదు.

డీలరు చెప్పనిది చలి సంగతి. గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులకు 30–35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. పుష్యమాసంలో మా వైపు పొద్దున కాఫీ కాగేసరికే మంట పడిపోతుంది. గోరువెచ్చటి నీళ్లతో కలిపి, సంచి చుట్టూ చెనక్కాయ పొట్టు పోస్తే కొంత నయం. సిలిండరే అక్కర్లేదని చెప్పి అమ్మడం మాత్రం తప్పు. పైపులో నీళ్లు చేరి మంట ఎగిరెగిరి పడుతోందని ఫోన్ చేస్తే "రేపొస్తాం" అన్నారు, రాలేదు. పైపు పల్లంగా ఉన్నచోట టీ జాయింటు, బిరడా పెట్టించుకోండి, ఆ నీళ్లు మీరే దించేసుకోవచ్చు.

అయినా కొనమనే చెబుతాను, స్లర్రీ కోసం, అంటే గ్యాస్ పోయాక సంచిలోంచి బయటికొచ్చే పేడనీళ్ల కోసం. పచ్చిపేడ వాసన ఉండదు, ఈగలు ముసరవు, నత్రజని చేనుకే దక్కుతుంది. నేపియర్ గడ్డికి కాలవ నీళ్లలో కలిపి పారిస్తున్నాం, యూరియా సగానికి తగ్గించాం. "పేడంతా గొట్టంలో పోస్తే చేనుకేం మిగుల్తుందమ్మా?" అని గొడవపడిన మా అత్తమ్మే ఇప్పుడు తెల్లారేసరికి చిక్కుడుపాదుకు బకెట్టు నింపుకుంటుంది.

లీకేజీ విషయంలో అశ్రద్ధ వద్దు. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్. అది గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది. మండిస్తేనే వాతావరణానికి మేలు. జాయింట్లకు సబ్బునురగ పూసి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఎండాకాలం గ్యాస్ మిగిలితే వదిలేయకుండా ఆవులకు దాణా ఉడకబెట్టండి. రెండే ఆవులుంటే 1 ఘనపు మీటరుది చాలు, డీలరు మాట విని పెద్దది తీసుకోవద్దు.