ఆర్ఖమ్ హారర్ కార్డ్ గేమ్: చేతిలో ఉన్నవి మూడు యాక్షన్లే

2016లో వచ్చిన ఈ ఆటలో అందరూ ఒకే జట్టు. ఊరు ఆర్ఖమ్, కాలం 1920లు. ఎవరి డెక్ వాళ్లు ఇంటి దగ్గరే కూర్చుకుని వస్తారు, ఎదురుగా నిలబడేది ఎన్‌కౌంటర్ డెక్, అంటే శత్రువులు, ఆపదలు వచ్చే కార్డుల కట్ట. చాలాకాలంగా ఆడుతున్నా కాబట్టి గట్టిగా చెప్పగలను: కొత్తవాళ్లను ఎక్కువసార్లు ఓడించేది రాక్షసులు కాదు, టైము చాలకపోవడం.

మొదటి సినారియో (కథలో ఒక అధ్యాయం) ‘ద గ్యాదరింగ్’ చూడండి. మొదటి అజెండా (శత్రువుల పథకం ఎంతవరకు వచ్చిందో చూపే కార్డు) 3 డూమ్‌కి (గడువు లెక్కపెట్టే టోకెన్లు) తిరగబడుతుంది. మొదటి రౌండ్‌లో మిథోస్ ఫేజ్ (డూమ్ పెట్టి, ఎన్‌కౌంటర్ కార్డులు తీసే దశ) ఉండదు, ఆ తర్వాత రౌండ్‌కొక డూమ్ పడుతుంది. అంటే నాలుగో రౌండ్ మొదలవుతూనే అజెండా మారిపోతుంది. రౌండ్‌కు మూడు చొప్పున అప్పటికి ఒక్కొక్కరికీ దక్కేవి 9 యాక్షన్లు. ‘ఏన్షియెంట్ ఈవిల్స్’ కార్డులు డెక్‌లో మూడున్నాయి. వాటిలో ఒకటి వచ్చినా అదనంగా ఒక డూమ్ పడి 9 కాస్తా 6 అవుతాయి. ఇద్దరు ఆడితే ఆ లోపల 4 క్లూలు తీయాలి, ఆయుధం బయట పెట్టుకోవాలి, డబ్బు చూసుకోవాలి. ఎనిమిది ఆయుధాలు కుక్కిన డెక్ ఇక్కడే చతికిలబడుతుంది.

అందుకే ఆటగాళ్లు తీసుకునే పాత్రల్లో ఒకరైన రోలండ్ బ్యాంక్స్‌కి ఐదారు ఆయుధాలు చాలు. మొదటి చేతిలో వద్దనుకున్న కార్డులు ఒకసారి మార్చుకోవచ్చు కాబట్టి ఆమాత్రానికే చాలాసార్లు ఒకటి తగులుతుంది. మచెటీకి తూటాల బాధ లేదు, కానీ మీకు తగులుకున్న శత్రువు ఒక్కటే అయి, దాన్నే కొడితేనే అదనపు దెబ్బ పడుతుంది. రెండోది మీద పడిందంటే మామూలు కత్తే. .45 ఆటోమేటిక్‌కి ఆ షరతు లేదు, నాలుగు తూటాలతో సరి. మిగతా చోట్లు ‘ఎవిడెన్స్!’, ‘వర్కింగ్ ఎ హంచ్’ లాంటివాటికి ఇవ్వండి. రెండూ ఫాస్ట్, యాక్షన్ ఖర్చు లేకుండా క్లూ తెచ్చిపెడతాయి. డెక్ 30 కార్డులు, ఒక పేరుతో రెండుకు మించకూడదు. వాటిపైన సొంత కార్డు, సొంత బలహీనత, యాదృచ్ఛికంగా తీసిన ఇంకో బలహీనత కలిస్తే 33.

ఇక కేయాస్ బ్యాగ్, అంటే పరీక్షల్లో గెలుపోటములు తేల్చే టోకెన్ల సంచి. స్టాండర్డ్ కష్టస్థాయిలో 16 టోకెన్లు. స్టడీ గదిలో ష్రౌడ్ (క్లూ వెతకడంలో కష్టం) 2, రోలండ్ ఇంటెలెక్ట్ (వెతికే నేర్పు) 3. ఆ ఒక్క పాయింటు తేడాతో, గదిలో ఘూల్ అనే రాక్షసి లేకపోతే, 16లో 10 టోకెన్లు గెలిపిస్తాయి. ఇంటెలెక్ట్ గుర్తున్న కార్డు ఒకటి కమిట్ చేస్తే (పరీక్షకు సాయంగా వాడేస్తే) తేడా రెండై 13కి పెరుగుతుంది. మూడో పాయింటు కూడా కలిపితే పెరిగేది ఒక్క టోకెనే, 14. అందుకే రెండు పాయింట్ల తేడా దగ్గర ఆగడమే మేలు. రెండో కార్డును తర్వాతి పరీక్షకు దాచుకోండి. కమిట్ చేయడం టోకెన్ తీయకముందే. పక్కవాళ్లు అదే లొకేషన్‌లో ఉంటేనే, అదీ ఒక్కొక్కరు ఒక్క కార్డే ఇవ్వగలరు. ఈ రెండు నియమాలూ దాదాపు ప్రతి కొత్త టేబుల్ మీదా తప్పుతాయి. ఇంకో తప్పు: శత్రువు మీకు తగులుకుని ఉండగా క్లూ వెతికినా, డబ్బు తీసుకున్నా, కదిలినా ముందు అది ఒక దెబ్బ వేస్తుంది. కొట్టడానికి, తప్పించుకోవడానికి, పార్లేకి (మాటలతో తేల్చుకోవడం), రిజైన్‌కి (సినారియో వదిలి వెళ్లిపోవడం) మాత్రమే మినహాయింపు.

భయం ఎక్కడుందంటే ‘రాటింగ్ రిమెయిన్స్’ అనే ఎన్‌కౌంటర్ కార్డులో ఉంది. విల్‌పవర్ 3 పరీక్ష, ఎన్ని పాయింట్లు తగ్గితే అంత హారర్ (మనసుకు తగిలే దెబ్బ). రోలండ్ విల్‌పవర్ సరిగ్గా 3, శానిటీ (ఎంత హారర్ తట్టుకోగలడో చెప్పే అంకె) 5. −4 టోకెన్ పడితే ఒక్క కార్డుకే నాలుగు హారర్లు, మిగిలేది ఒకటి. కూలిపోతే మెంటల్ ట్రామా వచ్చి, తర్వాతి సినారియోల్లోనూ ఒక హారర్‌తోనే మొదలవ్వాలి. అందుకే తోడుగా నిలిచే పోలీసు కార్డు బీట్ కాప్‌ని త్వరగా దించండి, ఆ దెబ్బలో రెండు అతను మోస్తాడు. ఇంకో పాత్ర డైసీ వాకర్ శానిటీ 9, ఆమెకు ఈ బెంగ తక్కువ, కానీ ఘూల్ ఎదురైతే ఒంటరిగా నిలవలేదు. ఈ ఇద్దరినీ జతచేస్తే ఆట అద్భుతంగా ఉంటుంది. నా మాటగా ఇది ఇద్దరి ఆట. నలుగురైతే మీ వంతు వచ్చేసరికి కథ చల్లారిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. పాత కోర్ పెట్టెలో (ఆట మొదలుపెట్టే మూల పెట్టె) చాలా ప్లేయర్ కార్డులు ఒక్కో కాపీయే, 2021 సవరించిన పెట్టెలో రెండేసి. కొనేవాళ్లు అదే చూసి తీసుకోండి. కోర్ క్యాంపెయిన్ (సినారియోలు వరుసగా కలిసిన కథ) మూడు సినారియోలే, మూడోది కోర్ కార్డులతో కట్టిన డెక్‌లకు చాలా కఠినం. ఈజీ బ్యాగ్‌లో −3, −4 ఉండవు, మొదటిసారి దానితో ఆడటంలో తప్పేమీ లేదు. సర్దుకోవడం అసలు విసుగు. కార్డు మీది చిన్న గుర్తును బట్టి ఒక్కో సెట్ వేరు చేసి, డివైడర్లు పెట్టి దాచకపోతే ప్రతిసారీ అదే పని. అట్ట టోకెన్ల అంచులు రాలి, తడిమితే ఏదో తెలిసిపోయే స్థితికి వస్తాయి. నాణేలు దాచే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టేయండి.

కోర్ తర్వాత ఏం కొనాలంటే పెద్ద క్యాంపెయిన్‌కి ముందు 2020లో వచ్చిన స్టార్టర్ డెక్‌లు. కొట్లాటకు నథానియల్ చో, క్లూలకు హార్వీ వాల్టర్స్. రెండూ సిద్ధంగా కట్టిన డెక్‌లే. సినారియోల్లో సంపాదించే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లతో ఏ కార్డును దేనికి పెంచాలో కూడా అక్కడే నేర్చుకోవచ్చు. పెంచేటప్పుడు చెల్లించేది రెండు లెవెల్స్ మధ్య తేడా మాత్రమే. కొత్త పేరు కార్డు అయితే, లెవెల్ సున్నా అయినా ఒక ఎక్స్‌పీరియన్స్ పోతుంది.