పైన మూడో అంతస్తులో, కింద ఐదో వరసలో

డాలస్ వస్తున్నానని ఫోన్ చేస్తే మా పిన్ని కొడుకు అడిగిన మొదటి మాట, "అన్నయ్యా, మావ్స్ మ్యాచ్‌కి టికెట్ తియ్యనా?" అని. గుడికో, మాల్‌కో తిప్పుతాడనుకున్నాను. మావ్స్ అంటే డాలస్ మావెరిక్స్, అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు. వాడు ఆర్లింగ్టన్‌లో ఎంఎస్ చదివేటప్పటి నుంచి ఆ జట్టంటే పడిచస్తాడు. ఆఫీసు పని మీద 2025 డిసెంబరులో అక్కడున్న రెండు వారాల్లో రెండు మ్యాచ్‌లు చూశాం. ఒకటి మావెరిక్స్‌ది. రెండోది వాళ్ల చిన్న జట్టు టెక్సాస్ లెజెండ్స్‌ది. ఈ రెండో దాని గురించి నాకు అసలేమీ తెలియదు.

బస ముందు చెబుతాను. ఆఫీసు వాళ్లు ఇర్వింగ్‌లో, లాస్ కొలినాస్ వైపు హోటల్ ఇచ్చారు. గది శుభ్రంగా ఉంది. స్టేషన్ దాకా షటిల్ ఉందని బుకింగ్‌లో రాశారు. కానీ మ్యాచ్ రోజు కిందికి దిగి అడిగితే డ్రైవర్ సెలవన్నారు. చలిగాలిలో నడుచుకుంటూ పోయాను. ఆ తరువాత మాత్రం హాయి. లాస్ కొలినాస్ నుంచి డార్ట్ (డాలస్ సిటీ రైలు) ఆరెంజ్ లైన్ ఎక్కితే అరగంట లోపే విక్టరీ స్టేషన్‌లో దింపుతుంది, ఎదురుగానే మావెరిక్స్ స్టేడియం అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్. మ్యాచ్ చూడటానికే వెళ్లేవాళ్లకు ఆ లైన్ మీద హోటల్ చూసుకోమనే చెబుతాను. తమ్ముడుండే ఫ్రిస్కోకు డార్ట్ రైలు లేదు. అందుకే వాడు కారులో వచ్చి పార్కింగ్‌కి చదివించుకున్నాడు.

గేటు ముందే డర్క్ నోవిట్స్కీ విగ్రహం. ఒంటికాలి మీద నిలబడి, వెనక్కి వాలి బంతి విసురుతున్న భంగిమ. 1998లో జర్మనీ నుంచి వచ్చిన కుర్రాడు, 21 సీజన్లూ ఒక్క జట్టుకే ఆడాడు. అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అన్నేళ్లు ఒకే జట్టులో ఇంకెవరూ లేరు. విశ్వాసం ఎన్నటికీ వాడిపోదన్న అర్థం వచ్చే మాట విగ్రహం కింద చెక్కారు. అలా వెనక్కి వాలి వేసే ఆయన ప్రసిద్ధ షాట్ పేరు ఫేడవే, ఇంగ్లీషులో వాడిపోవడమనీ అర్థం, దాని మీద శ్లేష అది.

అది చదువుతుంటే తమ్ముడు అదోలా నవ్వాడు. 2025 ఫిబ్రవరిలో అర్ధరాత్రి వేళ పిడుగులాంటి వార్త వచ్చింది. అంతకు ముందు ఏడాదే జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లిన లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కు ఇచ్చేసి, బదులుగా ఆంథనీ డేవిస్‌ను తీసుకున్నారు. తెల్లారేసరికి జనం ఈ విగ్రహం దగ్గరకే వచ్చి, ఉత్తుత్తి శవపేటిక పెట్టి నిరసన తెలిపారు. ఆ బేరం చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను తీసెయ్యమని నెలల తరబడి స్టేడియంలో అరిచారు. నవంబరులో తీసేశారు కూడా. నేను వెళ్లేసరికి కోపం చల్లారింది గానీ బాధ పోలేదు. లూకా వేసుకున్న 77 నంబర్ చొక్కాలు క్యూలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇలాంటి దెబ్బలు ఈ జట్టుకు కొత్త కాదు. 1980లో పుట్టింది, మొదటి మ్యాచ్‌లోనే టెక్సాస్‌లోనే ఉన్న శాన్ ఆంటోనియో స్పర్స్‌ను 103-92తో ఓడించింది. ఆ సీజన్ ముగిసేసరికి లెక్క 15 గెలుపులు, 67 ఓటములు. 1988లో అగ్వైర్, బ్లాక్‌మన్, హార్పర్‌ల జట్టు ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో లేకర్స్‌ను ఆఖరి మ్యాచ్ దాకా లాక్కెళ్లి ఓడింది. తొంభైల మొదట్లో వరసగా రెండు సీజన్లలో 164 మ్యాచ్‌లు ఆడి గెలిచింది 24. 2000లో మార్క్ క్యూబన్ 28.5 కోట్ల డాలర్లకు కొన్నాక, డర్క్ ఎదిగాక, రోజులు మారాయి. 2006 ఫైనల్స్‌లో మయామి మీద 2-0 ఆధిక్యం చేజార్చుకుని ఓడారు. మరుసటి ఏడాది లీగ్ దశలో 67 మ్యాచ్‌లు గెలిచి నాకౌట్ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చారు. 2011లో అదే మయామి ఎదురైంది. ఈసారి వాళ్ల దగ్గర లెబ్రాన్, వేడ్, బాష్ ముగ్గురు స్టార్లూ ఉన్నారు. అయినా 4-2తో గెలిచి కప్పు తెచ్చుకున్నారు. ఇప్పటిదాకా ఉన్నది ఆ ఒక్క కప్పే. ఆ జూన్ ఎండలో ఊరేగింపు చూడటానికి నిలబడ్డానని తమ్ముడు ఇప్పటికి నాకు నాలుగుసార్లు చెప్పి ఉంటాడు.

ఇక మావెరిక్స్ మ్యాచ్. మా టికెట్లు 300 సెక్షన్లలో, అంటే అన్నిటికన్నా పైన. నలభై డాలర్లని చూపించిన టికెట్, సైట్ వాళ్ల ఫీజులన్నీ కలిపేసరికి యాభై దాటింది. అక్కడి నుంచి కోర్టు క్యారమ్స్ బోర్డంత కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే సగం ఆట మధ్యలో వేలాడే పెద్ద తెర మీదే చూశాను. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటివాడిగా వచ్చిన కూపర్ ఫ్లాగ్‌ను నంబరు బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. కానీ చివరి క్వార్టర్‌లో అంతమంది ఒకేసారి లేచి డిఫెన్స్ అని అరుస్తుంటే కాళ్ల కింద నేల అదిరింది. ఆ ఒక్క ఐదు నిమిషాలకు డబ్బు గిట్టుబాటైనట్టే. తిండికి మాత్రం కాదు. ఇంట్లోనే తిని వెళ్లండి. మాంసం తినని వాళ్లకు నాచోస్, పాప్‌కార్న్ దాటి పెద్దగా ఏమీ దొరకలేదు. తిరుగు రైలుకు ప్లాట్‌ఫామ్ మీద అరగంట వణికాను, మంకీ క్యాప్ హైదరాబాద్‌లోనే వదిలేసినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ.

శనివారం లెజెండ్స్ మ్యాచ్‌కి ఫ్రిస్కోలో కొమెరికా సెంటర్‌కు వెళ్లాం. ఐదు వేలమంది కూడా పట్టని హాలు. కారు దిగి పది నిమిషాల్లో కుర్చీలో ఉన్నాం. సగం ధరకే ఐదో వరస. బూట్లు నేల మీద కీచుమనడం, కోచ్ తిట్లు, రెఫరీతో ఆటగాళ్ల గొడవ, అన్నీ వినిపిస్తాయి. ఎగిరి బంతిని రింగులోకి గుద్ది, అదే డంక్ కొట్టి, దిగినవాడి ఊపిరి కూడా. పెద్ద లీగ్‌లోకి ఎక్కాలని ఆడేవాళ్లు కాబట్టి ప్రతి బంతికీ పడి లేస్తారు. చుట్టూ పిల్లలు, సగం మంది మనవాళ్లే. వెనక వరసలో ఒకావిడ "కన్నా, కింద పడతావ్ కూర్చో" అంటుంటే హైదరాబాద్‌లో ఏ కాలనీ గ్రౌండ్‌లోనో ఉన్నట్టనిపించింది. రిటైరైన మా పీఈటీ మాస్టారిని తీసుకెళ్లాల్సి వస్తే ఫ్రిస్కోకే తీసుకెళ్తాను. విగ్రహం, కప్పు జెండా చూపించాలంటే మావెరిక్స్ స్టేడియానికి.

లెజెండ్స్‌కు మనతో ఒక ముడి ఉంది. 2015లో మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్న సత్నామ్ సింగ్, భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరివాడు, ఏడడుగుల రెండంగుళాలు. ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే రోజు మాత్రం రాలేదు. రెండు సీజన్లు ఈ ఫ్రిస్కో జట్టుకే ఆడాడు. ఈ జట్టు మొదటి కోచ్ నాన్సీ లీబర్‌మన్. ఎన్‌బీఏకు అనుబంధంగా ఉండే మగవాళ్ల జట్టుకు ఒక మహిళ హెడ్ కోచ్ కావడం ఆమెతోనే మొదలు.

తిరిగొస్తుంటే తమ్ముడి కూతురు వెనక సీట్లో ఫ్లాగ్ 32 చొక్కాతో నిద్రపోతోంది. వాడి ఒంటి మీద డర్క్ 41 ఉంది.

"77 కూడా కొన్నావు కదరా, ఏం చేశావు?"

"గరాజ్‌లో అట్టపెట్టెలో పెట్టా అన్నయ్యా. మీ మరదలు ఎవరికైనా ఇచ్చెయ్యమంటుంది."

"మరి?"

"చూద్దాంలే" అని రేడియో పెట్టాడు.