సెలయేటి ఫొటోలకు సర్క్యులర్ పోలరైజర్: ఒక సమీక్ష

అడవిలో పారే సెలయేటిని ఫొటో తీయాలనుకునేవారు సాధారణంగా ముందు కొనేది ఎన్‌డీ ఫిల్టర్. నీళ్ల కదలిక ఫొటోలో నునుపుగా, ధారలు ధారలుగా కనబడాలంటే షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిచి ఉండాలి కాబట్టి, వెలుగును తగ్గించే ఆ నల్లటి గాజు లేనిదే పని జరగదన్న అభిప్రాయం బాగా నాటుకుపోయింది. నేను చాలాకాలంగా వాగుల దగ్గర వాడుతున్నది మాత్రం 77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్, అంటే తడి ఉపరితలాల మీది మెరుపును తగ్గించే, తిప్పుకోగల ఫిల్టర్. ఒక్క ఫిల్టర్‌కే డబ్బు పెట్టగలిగినవారు దీన్నే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

కారణం ముందుగా రాళ్ల మీద కనబడుతుంది. చెట్ల సందుల్లోంచి దిగే ఆకాశపు వెలుగు తడిసిన బండమీద, పాచిమీద, ఒడ్డున వాలిన ఆకులమీద తెల్లటి పొరలా పరుచుకుని అసలు రంగును కప్పేస్తుంది. వ్యూఫైండర్‌లో చూస్తూ ఫిల్టర్ ముందరి రింగును మెల్లగా తిప్పితే ఆ పొర కరిగిపోయి, పాచి ముదురాకుపచ్చగా, రాయి నల్లగా బయటపడతాయి. నీరు లోతు లేనిచోట అడుగున ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపిస్తాయి. ఈ మార్పును ఫొటో తీశాక కంప్యూటర్‌లో తెచ్చుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే మెరుపు కింద దాగిన వివరం కెమెరాకు అసలు చేరనే లేదు. నీటి ఉపరితలానికి నిట్టనిలువుగా గీసిన గీతతో సుమారు 53 డిగ్రీల కోణం చేస్తూ పడిన వెలుగు ప్రతిఫలించినప్పుడు దాదాపు పూర్తిగా ధ్రువణం చెందుతుంది (దాని తరంగాలు ఒకే దిశలో కంపిస్తాయి), ఫిల్టర్ ఆపగలిగేది ఆ వెలుగునే. కాబట్టి కెమెరాను నీటికి మరీ దగ్గరగా దించినా, తిన్నగా పైనుంచి వంచి చూసినా ఫలితం తగ్గుతుంది. నీటిని ఏటవాలుగా చూసే ఎత్తును వెతుక్కోవాలి.

అయితే రింగును చివరిదాకా తిప్పడం నాకు నచ్చదు. మెరుపంతా పోయిన నీరు ఫొటోలో జీవం లేకుండా కనబడుతుంది. మడుగులో పడిన ఆకుల పచ్చటి నీడలు కూడా ఆ మెరుపుతోపాటే మాయమవుతాయి. రాళ్ల మీది తెలుపు తగ్గి, నీటి వంపులమీద సన్నటి తళుకు మిగిలే చోట ఆపితే ప్రవాహం ఎటు తిరుగుతోందో చూసేవారికి తెలుస్తుంది.

రెండో లాభం షట్టర్ వేగానిది. పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగును మింగేస్తుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). మబ్బుపట్టిన రోజున చెట్ల నీడలో ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11 వద్ద (మొదటిది సెన్సర్ సున్నితత్వం, రెండోది లెన్స్ రంధ్రం కొలత) షట్టర్ వేగం సెకనులో ఎనిమిదో వంతు వస్తోందనుకుంటే, ఫిల్టర్ పెట్టగానే అది అర సెకను దగ్గరకు చేరుతుంది. సెలయేటికి పావు సెకను నుంచి ఒక సెకను దాకా చాలునని నా అభిప్రాయం. అంతకుమించి చాలా సెకన్లు తెరిచి ఉంచితే ధారలు, సుడులు అన్నీ కలిసిపోయి పొగమంచులా తయారవుతాయి. ఎండ పడుతున్నప్పుడు వెలుగును 64వ వంతుకు తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ నిజంగానే పనికొస్తుంది, కాని ఆ ఎండమచ్చల్లో నురుగు తెల్లగా పేలిపోవడాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. ట్రైపాడ్ మాత్రం ఎలాగూ ఉండాలి.

నేను వాడుతున్న ఫిల్టర్‌కు లోపాలు లేకపోలేదు. దాని చట్రం అల్యూమినియంది కావడంతో చలిలో గట్టిగా బిగిస్తే లెన్స్ మరలకు పట్టేసి ఊడిరావడానికి బాగా సతాయిస్తుంది; ఇత్తడి చట్రంతో ఈ బాధ తక్కువ. లెన్స్ హుడ్ తగిలించి ఉంటే రింగు చేతికి అందదు. వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్సులమీద దళసరి అంచు మూలల్లో నల్లగా పడుతుంది కాబట్టి, అలాంటి లెన్సు ఉన్నవారు పలుచటి చట్రం ఉన్నదే తీసుకోవాలి. రంగు కొద్దిగా పసుపు వైపు మొగ్గినా, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫొటోలో) వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సమతూకం, సరిచేసుకుంటే సరిపోతుంది.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, ఫిల్టర్ ముందువైపు తెరకు, లెన్సుకు బిగించే వైపు మన కంటికి ఉండేలా పట్టుకుని తిప్పాలి. మంచి ఫిల్టరైతే ఒక కోణంలో గాజు అంతటా ఒకే రకంగా చిక్కటి నలుపు వస్తుంది. మచ్చలుగా ఉన్నా, ఊదారంగు బాగా తేలినా దాన్ని వదిలేయడమే మేలు. ఇంట్లో ఉన్న లెన్సులన్నింటిలో పెద్ద కొలతకు సరిపడే ఫిల్టర్ ఒక్కటి కొని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్సుకు పెద్ద ఫిల్టర్‌ను తగిలించే రింగులు) వాడుకుంటే ఖర్చూ కలిసొస్తుంది, సంచీలో బరువూ తగ్గుతుంది.