23 వేల చక్రాలు, 17 వేల కిలోమీటర్లు

సదాశివపేట ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా వెనక చక్రంలో టంగుమని మోత వచ్చింది. 200 కిలోమీటర్ల బ్రెవే అది, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూర సైకిల్ ప్రయాణం. జహీరాబాద్ దాకా వెళ్లి బొంబాయి హైవే మీద తిరిగొస్తున్నాను. దిగి చూస్తే గేర్ల వైపు స్పోక్ ఒకటి హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గర, వంపులో, పుటుక్కున తెగి వేలాడుతోంది. చక్రం బెండైపోయి తిరిగిన ప్రతిసారీ బ్రేకు బ్లాకుకి రాసుకుంటోంది.

నడిపించుకుంటూ వెళ్లి ఊళ్లో సైకిల్ షాపు పట్టుకున్నాను. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చక్రం ఒకసారి తిప్పి చూశాడు. "ఈ పండ్లు తీస్తేనే పుల్ల ఎక్కుతది బిడ్డా. దాని పానా నా తాన లేదు. ఉన్నా గీ సైజు పుల్ల యాడ దొరుకుతది?" అన్నాడు. అని ఊరుకోలేదు. తెగిన ముక్కని పక్క స్పోక్‌కి చుట్టి, ఎదురు వైపు రెండు నిపుల్స్ (రిమ్ దగ్గర స్పోక్‌ని బిగించే మరలు) వదులు చేసి, చక్రం తిరిగేలా చేసి పంపాడు. ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు. వెనక బ్రేకు తెరిచి పెట్టుకుని, ముందు బ్రేకు ఒక్కదాని మీద హైదరాబాద్ చేరాను. పదమూడున్నర గంటల గడువులో ఇరవై నిమిషాలు మిగిలాయి.

ఆ సంవత్సరంలో అది మూడో స్పోక్. బండి ఎంట్రీ లెవెల్ రోడ్ బైక్, షిమానో క్లారిస్ రకం ఎనిమిది గేర్లు, రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచునే పట్టి ఆపేవి. దానితో వచ్చిన చక్రాల జత బరువు నా వంటింటి తూకంలో 2,210 గ్రాములు. నా బరువు 72 కిలోలు, అంటే భారీ మనిషిని కూడా కాదు. అయినా ఎందుకు తెగుతున్నాయంటే, బిగువు చాలక. చక్రం తిరిగినప్పుడల్లా నేలకి ఆనిన వైపు స్పోక్ కాస్త వదులై, పైకి వచ్చాక మళ్లీ బిగుస్తుంది. మొదటే బిగువు తక్కువగా ఉంటే ఆ ఊగిసలాట వంపు దగ్గర జరుగుతుంది. తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టే, కొన్ని లక్షల తిప్పుల తర్వాత తెగుతుంది. బిగించడం ఎక్కువై తెగిందని నేను చాలా రోజులు పొరపాటుగా అనుకున్నాను.

బడ్జెట్ పాతిక వేలు. ఆ డబ్బుతో ఏం కొనాలని అడిగితే తలా ఒక మాట చెప్పారు. చైనా కార్బన్ చక్రాలు తెప్పించుకోమన్నాడు ఒక మిత్రుడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను. కానీ రిమ్ బ్రేకుతో కార్బన్ అంటే, పొడవాటి దిగుడులో బ్రేకు పట్టి ఉంచితే రిమ్ వేడెక్కుతుంది, చౌక రిమ్ముల్లో ఆ వేడికి కార్బన్‌ని అంటిపెట్టి ఉంచే రెజిన్ మెత్తబడే ప్రమాదం ఉంది. వర్షంలో బ్రేకు పట్టదు. దానికి తోడు కస్టమ్స్ సుంకం. ఆ టెన్షన్ నాకెందుకని పక్కన పెట్టాను. షిమానో ఆర్ఎస్100 రెడీమేడ్ జత దాదాపు ఖాయం చేసుకున్నాను కూడా. 1,900 గ్రాముల దగ్గర బరువు, ధర బడ్జెట్‌లో సగం, మంచి పేరు. చివరి నిమిషంలో ఆపింది సదాశివపేట పెద్దాయన మాటే: గీ సైజు పుల్ల యాడ దొరుకుతది? స్పోక్‌లు తక్కువ ఉన్న చక్రంలో ఒకటి తెగితే మిగతావి ఆ లోటు భర్తీ చేయలేవు, బండి నడవదు. 32 ఉన్న చక్రంలో ఒకటి తెగినా కాస్త ఊగుతూ ఇల్లు చేరుస్తుంది.

అందుకని చేత్తో కట్టించుకున్నాను. డీటీ స్విస్ ఆర్460 రిమ్ములు, షిమానో 105 హబ్బులు, రెండింటికీ 32 రంధ్రాలు. సాపిమ్ రేస్ స్పోక్‌లు, అంటే చివర్లలో 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8. ఇత్తడి నిపుల్స్. కూలీతో కలిపి 23,400 రూపాయలు.

కట్టిన కుర్రాడి పక్కన ఒక సాయంత్రం కూర్చున్నాను. స్పోక్‌లు అల్లడం గంటలో అయిపోయింది. తర్వాత పనికే మూడు గంటలు పట్టింది. బిగువు మీటరు పెట్టి చూస్తూ ఒక్కో నిపుల్‌ని పావు తిప్పు, అర తిప్పు తిప్పాడు. వెనక చక్రంలో కుడి వైపు స్పోక్‌ల బిగువులో ఎడమ వైపువాటికి సగమే ఉంటుంది, గేర్లకి చోటు ఇవ్వడానికి కుడి వైపు హబ్బు అంచు లోపలికి జరుగుతుంది కాబట్టి. బిగించాక స్పోక్‌లని జతలుగా పట్టుకుని పిడికిలితో గట్టిగా నొక్కాడు. టిక్కు టిక్కుమని చప్పుళ్లు. మెలికపడ్డ స్పోక్‌లు విడుచుకుంటున్నాయట. నొక్కాడు, బెండు తీశాడు, మళ్లీ నొక్కాడు. చప్పుడు రాకుండా పోయేదాకా వదల్లేదు. మిషన్ మీద కట్టిన చౌక చక్రాలకి దక్కనిది ఈ ఓపికే. 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకురమ్మన్నాడు, ఐదు నిమిషాల్లో చూసి పంపేశాడు.

ఇంట్లో బిగించేటప్పుడు తప్పు నాదే. ఈ హబ్బు 11 గేర్లది. ఎనిమిది గేర్ల క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఎక్కించాలంటే వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ ఒకటి వేయాలి. అది పెట్టెలోనే ఉంది, నేను వేయలేదు. దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ పూర్తిగా బిగిసినా క్యాసెట్ గలగలమంటుంటే హబ్బు పాడైపోయి వచ్చిందని కుర్రాడికి ఫోన్ చేసి అరిచాను. "అన్నా, పెట్టెలో రింగు ఉందా చూడండి" అన్నాడు పాపం.

ఇక వేగం సంగతి. కొత్త జత 1,850 గ్రాములు. తగ్గింది 360. నేనూ బండీ నీళ్లసీసాలూ కలిపి 86 కిలోలు, అందులో ఇది అర శాతం కూడా కాదు. అనంతగిరిలో పది నిమిషాల ఎక్కుడు ఉందనుకుంటే మిగిలేది రెండున్నర సెకన్లు. సిగ్నల్ దగ్గర ఆగి లేచేటప్పుడు చురుగ్గా అనిపిస్తుంది, అది నిజమో డబ్బు పెట్టానన్న మమకారమో చెప్పలేను. ఎదురుగాలిలో తేడా సున్నా.

నిజంగా తేడా చేసింది టైర్లు. పాతవి తీగ అంచు టైర్లు, రాయిలా ఉండేవి. వాటి స్థానంలో కాంటినెంటల్ జీపీ 5000, 25 సైజు వేశాను. రిమ్ లోపలి వెడల్పు 18 మిల్లీమీటర్లు కావడంతో టైరు కాస్త విచ్చుకుని 26న్నర కొలిచింది. దాంతో 100 పీఎస్ఐ గాలి కొట్టే అలవాటు మానేసి ముందు 75, వెనక 85కి వచ్చాను. ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ మీద ఈ హాయి పెద్దగా తెలియదు, అది ఎలాగూ నున్నగానే ఉంటుంది. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల కింద, ఊడల నీడలో గుంత ఏదో మచ్చ ఏదో తెలియని చోట తెలుస్తుంది. అరచేతులు తిమ్మిరెక్కడం ఆగింది. మీ దగ్గర ఐదారు వేలే ఉంటే చక్రాల జోలికి పోకండి, ముందు టైర్లు మార్చండి, ఉన్న చక్రాల బిగువు సరి చేయించండి.

నాలుగేళ్ల మూడు నెలలు, 17,600 కిలోమీటర్లు అయింది. తనంతట తాను తెగిన స్పోక్ ఒక్కటీ లేదు. రెండు నేనే చెడగొట్టాను. గేర్లు మార్చే డిరైలర్ స్క్రూ సరిగ్గా చూసుకోక చైను క్యాసెట్ దాటి స్పోక్‌ల మీద పడి నమిలేసింది. కట్టిన రోజే కుర్రాడు ప్రతి పొడవుకీ రెండేసి స్పోక్‌లు అదనంగా ఇచ్చాడు. వాటిని ఫ్రేముకి టేపు వేసి తిప్పుతున్నాను, అవే ఎక్కాయి. నార్సింగి దగ్గర వాన గుంతలో ముందు రిమ్ అంచుకి చిన్న సొట్ట పడింది. బెండు పోయింది కానీ సొట్ట పోలేదు, బ్రేకు పట్టినప్పుడు తిప్పుకి ఒకసారి టక్కుమంటుంది. అలవాటైపోయింది.

ఫిర్యాదులూ ఉన్నాయి. ఈ హబ్బుల్లో బేరింగులు సీలు చేసిన కార్ట్రిడ్జిలు కావు, పాత పద్ధతి కోన్లు, బాల్సు. ప్రతి వానాకాలం అయ్యాక విప్పి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పెట్టాల్సిందే. ఒక ఏడాది బద్ధకించాను, వెనక కుడి కోను మీద గీతలు పడ్డాయి. మెచ్చుకోవాల్సింది ఏంటంటే వెనక బాల్సు పావు అంగుళంవి, ఒక్కో వైపు తొమ్మిది. ఏ మామూలు సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. అయితే కోను బిగింపు కుదరాలంటే చేతికి అలవాటు కావాలి. బిగిస్తే గరగర, వదిలితే కదలిక. మొదటిసారి నాకు ఆదివారం మొత్తం పట్టింది.

ఇప్పుడు అసలు అరుగుదల రిమ్ముది. వానలో ఇసుక బ్రేకు బ్లాకుల్లో ఇరుక్కుని అల్యూమినియాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది. వారానికోసారి బ్లాకులు చూసి మెరిసే ముక్కలు సూదితో పీకేస్తుంటాను, అయినా తప్పదు. మొన్న వెనక రిమ్ మీద బ్రేకు పట్టే చోట ఉక్కు స్కేలు అడ్డంగా ఆనించి చూస్తే, నడుమ సన్నగా వెలుతురు కనిపించింది. రిమ్ ఒక్కటే ఆర్డర్ పెట్టాను, అదే ఆర్460. కొత్త రిమ్‌ని పాతదాని పక్కన ఆనించి టేపు వేసి, స్పోక్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఇటు మార్చేస్తానన్నాడు కుర్రాడు. హబ్బూ స్పోక్‌లూ పాతవే. ఈసారి బెండు నన్నే తీయమన్నాడు.