మేలో రెండో గేరు, జనవరిలో మూడో గేరు: హన్మకొండ నుంచి కుంటాల దాకా

మా అత్తగారిది ఆదిలాబాద్. అందుకని కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆ దారిన ఏడాదికి మూడుసార్లయినా పోవాల్సి వస్తుంది. బండి మాది 1.2 లీటర్ల పెట్రోల్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని కుదించి నెట్టే పరికరం) లేనిది. ప్రతిసారీ అదే నలుగురం, డిక్కీలో ఇంచుమించు అదే సామాను. నిర్మల్ దాటాక నాలుగు వరుసల హైవే వదిలి పాత మహబూబ్ ఘాట్ మీదుగా పోవడం నాకు అలవాటు. ఆ టేకు చెట్లు, మలుపులు, కోతులు లేకపోతే ఆదిలాబాద్ పోతున్నట్టే ఉండదు. పోయిన మేలో, ఆగస్టులో, ఈ జనవరిలో అదే ఘాట్‌ను మా బండి మూడు రకాలుగా ఎక్కింది.

మేలో మరదలి పెళ్లి. పొద్దున అయిదింటికి బయల్దేరుదామనుకున్నది తొమ్మిదిన్నర అయింది. నిర్మల్ చేరేసరికి బండిలో బయటి ఉష్ణోగ్రత 44 చూపిస్తోంది. పొగలు కక్కే రోడ్డు పక్కన చెరుకురసం కోసం పది నిమిషాలు ఆగి ఘాట్ ఎక్కాం. ఎప్పుడూ మూడో గేరులో లాగేసే మలుపు దగ్గర బండి మొరాయించింది. పెడల్ నేలకు ఆనించినా శబ్దం పెరుగుతోంది కానీ బండి కదలికలో ఊపు లేదు. రెండో గేరు వేసి, ఏసీ ఆపాను. వెనక సీట్లోంచి అమ్మ వెంటనే అందుకుంది: "ఏందిరా, ఏసీ బందు జేసినవ్? పెండ్లికి తీస్కపోతున్నవా, బట్టీల పెడ్తున్నవా?" సరిగ్గా అప్పుడే మా బామ్మర్ది టర్బో డీజిల్ బండి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఆ సంగతి పెళ్లి పందిట్లో నాలుగుసార్లు విన్నాను.

తిరిగొచ్చాక ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ క్లీనింగ్ చేసి నాలుగు వేల పైచిలుకు బిల్లు వేశారు. మర్నాడు మధ్యాహ్నం చూస్తే బండి మళ్లీ అంతే బరువుగా ఉంది. చివరికి మా వీధి చివరి మెకానిక్ బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ తీసి టైరుకేసి రెండుసార్లు కొట్టాడు. ఎర్రటి దుమ్ము, దాంతోపాటు తెల్లటి నూగు రాలింది. "పత్తి లారీల ఎనక బాగ తిరిగినట్టున్నవ్ గద సార్" అన్నాడు. ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో ఆ దారిన పోయినవాళ్లకు అది ఏ నూగో చెప్పక్కర్లేదు. కొత్త ఫిల్టర్ వేశాక కాస్త తేలికైంది. మిగిలింది మాత్రం ఎండ పని. దానికి ఏ మెకానిక్కూ మందు వేయలేడు.

లెక్క పెద్ద కష్టమేం కాదు. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోల్ మండించగలదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 12 డిగ్రీల జనవరి తెల్లవారుజాముతో పోలిస్తే 44 డిగ్రీల మే మధ్యాహ్నం అదే సిలిండర్‌లో పట్టే గాలి దాదాపు పది శాతం తక్కువ. పవర్ మాత్రం అంత తగ్గదు లెండి. చల్లగాలి కూడా లోపలికి వెళ్లేలోపు ఇంజన్ వేడికి కొంత కాగుతుంది కాబట్టి తేడా అయిదారు శాతం దగ్గర ఆగుతుంది. కానీ ఎండాకాలం దెబ్బ ఒక్కటిగా రాదు. ఏసీ కంప్రెసర్ తన వాటా తాను లాక్కుంటుంది. వేడికి ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనడం) మొదలవుతుందని కంప్యూటర్ నిప్పురవ్వ పడే క్షణాన్ని కొంచెం వెనక్కి జరుపుతుంది, దాంతో ఇంకొంత పోతుంది. పైగా చెరుకురసం కోసం ఆగామే, ఆ పది నిమిషాల్లో బానెట్ కింద గాలి బయటి 44 కన్నా ఎంతో పైకి పోయి ఉంటుంది. బయల్దేరిన మొదటి నిమిషం రెండు నిమిషాలు ఇంజన్ పీల్చింది అదే. కంపెనీ బ్రోచర్‌లో ఉండే పవర్ అంకె 25 డిగ్రీల గాలికి సరిచూసి వేసింది. మన మే నెలకు వేసింది కాదు.

టర్బో బండికీ వేడి దెబ్బ తగులుతుంది. కాకపోతే అది గాలిని కుదించి, ఇంటర్‌కూలర్‌లో చల్లార్చి పంపుతుంది కాబట్టి అంతగా బయటపడదు. దాని అసలు లాభం కొండల మీద. టర్బో లేని ఇంజన్‌కు ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ ఒక శాతం దాకా పోతుంది. ఊటీ లాంటి చోట అది ఇరవై దాటుతుంది. మన నిర్మల్ ఘాట్ ఆ లెక్కలోకి రాదు. ఇక్కడ మనకు శత్రువు ఎండే. బామ్మర్దికి ఇదంతా చెప్పాను, వినలేదు.

మేలో ఆ రాత్రి బస గురించి చెప్పకపోవడమే మంచిది. పెళ్లింట్లో చోటు లేక ఒక లాడ్జిలో ఏసీ గది తీసుకుంటే, సాయంత్రం వోల్టేజీ పడిపోయి ఏసీ మూలుగుతూ కూర్చుంది. కుంటాల జలపాతం చూద్దామని పిల్ల గోల పెట్టింది గానీ మేలో అక్కడ బండరాళ్లు తప్ప చూసేదేం లేదు.

కుంటాలకు పోతే ఆగస్టులోనే పోవాలి. నేరడిగొండ దగ్గర హైవే దిగి లోపలికి పోతే కడెం నది 45 మీటర్ల కిందికి దూకుతుంది. మెట్లు వందల్లో ఉంటాయి, తడికి పాచి పడతాయి. అమ్మను పైనే కూర్చోబెట్టాం. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. మెట్లు దిగలేని పెద్దవాళ్లు ఉంటే బోథ్ వైపు పొచ్చెర జలపాతం మేలు. అది చిన్నది, కానీ దగ్గరి నుంచి చూడొచ్చు. నేరడిగొండలో జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు తిన్నాం. మూడు ప్రయాణాల్లోనూ అదే మంచి భోజనం.

ఆ రోజు వాన ముసురు, 27 డిగ్రీలు. బండి మే కన్నా చాలా నయంగా ఎక్కింది, కానీ నేను ఊహించినంత కాదు. నిండా తేమ ఉన్న గాలిలో నీటి ఆవిరి కూడా చోటు పట్టుకుంటుంది. 27 డిగ్రీల ముసురులో అది మూడు శాతం పైనే. ఆ మేరకు ఆక్సిజన్ తగ్గినట్టే. తడిగాలి బరువుగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ నిజానికి అది పొడిగాలి కన్నా తేలిక.

జనవరిలో జన్నారంలో పర్యాటక శాఖ హరిత రిసార్ట్‌లో ఉన్నాం. కవ్వాల్ అడవి పక్కనే. గది సాదాసీదా, వేణ్ణీళ్లు మాత్రం అడగ్గానే వచ్చాయి. ఆ చలిలో అంతకన్నా ఏం కావాలి! వారాంతమైతే ముందే బుక్ చేసుకోండి. మర్నాడు పొద్దున్నే ఖానాపూర్ మీదుగా నిర్మల్ వచ్చి ఘాట్ ఎక్కితే, మేలో మొరాయించిన మలుపులో మూడో గేరు సరిపోయింది. అమ్మ నిద్రపోతోంది. నేరడిగొండలో లేచి "ఘాట్ ఎప్పుడొస్తదిరా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణం ఆదిలాబాద్ నుంచి ఆరింటికి. బయట 9 డిగ్రీలు. పెడల్ తాకితే చాలు దూకేలా ఉంది బండి. కానీ ఊరు దాటగానే మంచు. ముందున్న పత్తి లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఏడాది మొత్తంలో ఇంజన్‌కు అంత మంచి గాలి దొరికిన పూట గంటసేపు నలభై దాటలేకపోయాను. ఫిల్టర్ మళ్లీ మార్పించాలి.