లక్సర్ గ్రహణ యాత్రకు బాడర్ ఫిల్మ్: సరుకు మేలైనదే, టోపీ జాగ్రత్తగా చేసుకోవాలి

2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఈజిప్టులోని లక్సర్ వెళ్దామని హైదరాబాద్‌లో ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటున్నవాళ్లు కెమెరా, బైనాక్యులర్ల ఫిల్టర్ సంగతి చివరి వారానికి వదిలేయకండి. ఆ పనికి జర్మనీలో తయారయ్యే బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్, అంటే సూర్యకాంతిని తగ్గించే పల్చటి ఫిల్టర్ షీటు, నిస్సందేహంగా కొనదగ్గది. దాన్ని కత్తిరించి లెన్సు ముందు తొడిగే టోపీగా మనమే చేసుకోవాలి.

కవరు మీద 5.0 అని ఉండాలి, అది కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. అది సూర్యకాంతిలో లక్షో వంతునే లోపలికి రానిస్తుంది. 3.8 రకం దానికి దాదాపు 16 రెట్లు వదులుతుంది. అది ఫొటోలకే, కంటికి కాదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు ఎన్‌డీ ఫిల్టరు (కెమెరాకు వెలుతురు తగ్గించే నల్ల అద్దం), ఇంట్లోని పాత ఎక్స్‌రే ఫిల్ము దీనికి బదులు కావు. నల్లగా కనిపించినా కన్ను పసిగట్టలేని పరారుణ కిరణాలు వాటిని దాటి రావచ్చు.

ఈ ఫిల్ముతో సూర్యబింబం తెల్లగా, కాస్త నీలి ఛాయతో వస్తుంది. నారింజ సూర్యుడికి అలవాటుపడ్డవాళ్లకు చప్పగా అనిపించొచ్చు కానీ సూర్యుడి మీది మచ్చల అంచులు ఈ తెలుపులోనే బాగా తేలతాయి. కెమెరాలో ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెట్టి, షట్టర్ వేగం 1/500 సెకను దగ్గర మొదలుపెట్టండి.

చిక్కంతా టోపీ దగ్గరే. 20×29 సెంటీమీటర్ల షీటులో 9 సెంటీమీటర్ల వృత్తాలు ఆరు వస్తాయి. ఫిల్మును రెండు పల్చటి కాగితాల మధ్యనే ఉంచి కత్తిరించాలి. ఛత్తా బజార్‌లో దొరికే శుభలేఖల మందపాటి అట్టతో రెండు రింగులు చేసి, వాటి మధ్య ఫిల్మును వదులుగా పెట్టండి. ముడతలు ఉంటే నష్టం లేదు. బిగలాగితేనే బింబం చెదురుతుంది. రెండువైపులా అంటుకునే టేపు ఒక్కదాన్నే నమ్మొద్దు, ఆగస్టులో లక్సర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, జిగురు మెత్తబడుతుంది. రింగుల అంచున స్టేప్లర్ పిన్నులు కూడా కొట్టండి. టోపీ ఎప్పుడూ లెన్సు ముందే ఉండాలి, కన్ను పెట్టే వైపు కాదు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్లోంచి చూడటం మరీ ప్రమాదం: లెన్సు పోగేసిన వేడి ఆ అద్దాలను కాల్చేస్తుంది.

టోపీ మరీ బిగుతైతే తీసేటప్పుడు ఫోకస్ కదిలిపోతుంది, వదులైతే గాలికి ఎగిరిపోతుంది. అందుకే ఫోకస్ రింగుకు టేపు వేయండి. లక్సర్‌లో సంపూర్ణ దశ 6 నిమిషాల 20 సెకన్ల దాకా ఉంటుంది. అప్పుడు ఫిల్టరు తీసేయాల్సిందే, ఉంచితే కరోనా, అంటే సూర్యుడి చుట్టూ కనిపించే వెలుగు వలయం, అసలు కనిపించదు. సంపూర్ణ దశ ముగుస్తూ సూర్యుడి అంచున వజ్రపుటుంగరంలా వెలుగు మళ్లీ మెరవగానే వెంటనే తొడగాలి.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట దాటి ఉంటుంది. సూర్యుడు 82 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన. చాలా ట్రైపాడ్ తలలు అంత పైకి వంగవు, వ్యూఫైండర్లోంచి చూడటం మెడకు సాధ్యం కాదు. తెర తిప్పుకునే వీలున్న కెమెరా ఉంటే మేలు.

హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం చూసింది. ఆ అదృష్టం ఇప్పుడు మన ఊరికి రాదు కానీ సాధన ఇక్కడే చేయొచ్చు. ఆగస్టు దాకా ఆగితే మబ్బులే, మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో పదిసార్లు తీసి తొడగండి. ప్రయాణానికి ముందు ఫిల్మును టార్చి వెలుగుకు పట్టి చూడండి. చుక్కంత రంధ్రం కనబడినా ఆ వృత్తం పారేసి కొత్తది అతికించండి. మిగతావి స్టీలు డబ్బాలో పరిచి, చేతి సంచిలో పెట్టుకోండి.