పదో తరగతిలో 402 తీసుకోవాలా, 165 తీసుకోవాలా?

సీబీఎస్‌ఈ పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతుల విద్యార్థికి కంప్యూటర్‌కు సంబంధించి ప్రధానంగా రెండు దారులున్నాయి: నైపుణ్య విషయంగా 402 కోడ్‌తో ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, అదనపు పాఠ్యాంశంగా 165 కోడ్‌తో కంప్యూటర్ అప్లికేషన్స్. రెండింటికీ రాత పరీక్షకు 50, ప్రాక్టికల్స్‌కు 50 మార్కులే గానీ, లోపలి సరుకు వేరు.

పదో తరగతి 402లో లిబ్రె ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పత్రాలకు స్టైల్స్ (శీర్షికలు, పేరాల రూపురేఖలు) అమర్చడం, స్ప్రెడ్‌షీట్‌లో లెక్కలను విశ్లేషించడం, డేటాబేస్‌లో పట్టికలను కలిపి ప్రశ్నలు (క్వెరీలు) వేసి సమాచారం రాబట్టడం నేర్పుతారు. వీటికి తోడు సంభాషణ, స్వీయ నిర్వహణ వంటి ఉద్యోగ నైపుణ్యాల భాగమూ ఉంటుంది. దుకాణం ఖాతాల నుంచి కార్యాలయం వరకు ఎక్కడైనా మరుసటి రోజే పనికొచ్చే విద్య ఇది. సైన్సు, గణితం, సాంఘికశాస్త్రాల్లో ఒకటి తప్పితే ఆరో సబ్జెక్టుగా ఉత్తీర్ణమైన నైపుణ్య విషయం దాని స్థానంలోకి వస్తుందన్న వెసులుబాటు కూడా తల్లిదండ్రులను ఇటువైపు లాగుతోంది, అది చదువుకు సంబంధించిన కారణం కాకపోయినా.

165లో నెట్‌వర్కింగ్, హెచ్‌టీఎంఎల్‌తో వెబ్ పేజీల తయారీ, సైబర్ నైతికత ప్రధానం. హెచ్‌టీఎంఎల్‌లో పేజీ భాగాలను సూచించే గుర్తు, అంటే ట్యాగు, ఒకటి తప్పితే పేజీ చెదిరిపోవచ్చు. తప్పును వెదికి సరిదిద్దుకునే ఆ అలవాటు ప్రోగ్రామింగ్‌కు తొలిమెట్టు.

ఇంటర్ తర్వాత త్వరగా పనిలో చేరవలసిన పిల్లలకు 402నే సూచిస్తాను. ఇంజనీరింగ్ వైపు వెళ్లేవారికి 165 నయం, అయితే బడిలో ల్యాబ్ నిజంగా తెరిచి ఉంటేనే.